మూడంగళ్ళకు ఒకటే అమ్మ

చిన్నదానా, మొన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతుంటే జవాబు చెప్పకుండానే పెట్టేశాను. "అవ్వా, నువ్వు కంప్యూటర్ సెంటర్లో ఏం చేసేదానివి, టైపింగా?" అన్నావు. వెనకనుంచి నీ తమ్ముడు, "గేములు ఆడుకునేది" అన్నాడు. వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఈరోజు పాలు ముందే కాచేశాను, తీరిగ్గా చెప్తాను.

మా సెంటరు మదనపల్లె బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఉండేది. కింద టీ అంగడి, పైన మేము. నేను చేరిన కొత్తలో పెళ్ళి పత్రికలు, బ్యానర్లు, బయోడేటాలు కొట్టేదాన్ని. తర్వాత జనం ఏం కొనాలన్నా ముందు ఫోన్లో వెతికే రోజులు వచ్చాయి. చీరల అంగడి, కళ్ళద్దాల అంగడి, టమోటా మండీ, పశువుల దాణా, అందరికీ వెబ్‌సైటు కావాల్సి వచ్చింది. ఫోటోలు, రంగులు మా ఓనరు చూసుకునేవాడు. తెలుగు మాటలు నా వంతు. ప్రతి వెబ్‌సైటులో "మా గురించి" అని ఒక పేజీ ఉంటుంది, చూశావా? ఆ పేజీ రాయడమే నా ఉద్యోగం. చాలా ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరి తరఫునా "మేము, మేము" అని రాస్తూ బతికాను.

అందరూ అడిగేది ఒకటే. పక్క అంగడివాడి పేజీ ఫోన్లో చూపించి, "ఇదే ఎయ్యండి మేడం, పేరొక్కటి మార్సండి" అనేవాళ్ళు. "నాణ్యతే మా ప్రాణం, కస్టమరే మా దేవుడు." కళ్ళద్దాలవాడికీ అదే, దాణావాడికీ అదే. దాన్ని ఎవరూ తప్పనుకునేవాళ్ళు కాదు. ఇంట్లో తోడుకు పెరుగు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని పోతాం కదా, మాటలు కూడా అట్లాగే అంగడి నుంచి అంగడికి తిరిగేవి. నాకు మాత్రం విసుగొచ్చేసింది. రాసి రాసి, ఒకరోజు పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటూ "కస్టమరే" అని మొదలుపెట్టాను.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ అంగడికి రాయాలన్నా ముందు అక్కడికి పోయి ఒక పూట ఊరికే కూర్చునేదాన్ని. మా ఓనరుకు అది పెద్ద వేడుక. "మేడం, మీరు మాటలు రాసేకి పోతాండారా, సంబంధం మాట్లాడేకి పోతాండారా?" అనేవాడు.

"రెండూ ఒకటేలేప్పా" అనేదాన్ని.

అట్లా ఒకసారి పరుపుల అంగడికి పోయాను. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం వాళ్ళది, తాతల నాటి పని. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఆ అంగడి ఓనరును ఊరంతా భాయ్ అనేది, నేనూ భాయ్ అనేదాన్ని. వాళ్ళమ్మను అందరూ అమ్మీ అనేవాళ్ళు. అరవైకి దగ్గరపడ్డ నన్ను "బేటీ" అని పిలిచే మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే.

ఆ పూట నేను చూస్తుండగా భాయ్ ఒక పరుపుకు చివరి కుట్టు వేసి, దబ్బనం పక్కన పెట్టి, లోపలివైపు తిరిగి "అమ్మీ" అని పిలిచాడు. అమ్మీ అప్పుడే అన్నం తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళద్దాలు తీసి కొడుకు చేతికిచ్చింది. కొత్త పరుపు మీద పాత దుప్పటి ఒకటి పరిచి పండుకుంది. చూస్తుండగానే గురక. మాట్లాడొద్దని భాయ్ నాకు సైగ చేశాడు. బేరానికి వచ్చిన మనిషి కూడా చెప్పులు విడిచి గడప బయటే నిలబడ్డాడు. ఎంతో సేపటికి అమ్మీ లేచి కూర్చుంది. నడుము మీద చెయ్యి వేసుకుని, ఎవరో లోపలినుంచి చెప్తుంటే వింటున్నట్టు కాసేపు అట్లాగే ఉంది.

"కాళ్ళ కాడ దూది పల్చగా ఉండాది. విప్పు" అంది.

భాయ్ మళ్ళీ కూర్చుని కుట్టు విప్పాడు.

"ప్రతి పరుపుకూ ఇంతేనా భాయ్?" అని అడిగాను.

"అంతే మేడం. ముందు మా నాయన పండుకునేవాడు. ఆయన పోయినాక అమ్మీ. ఆమె బాగుండాదంటేనే పరుపు గడప దాటేది."

నేను సెంటరుకు వచ్చి అదే రాశాను. "పరుపు కుట్టడం అయిపోగానే మేము అమ్మం. మా అమ్మ దాని మీద ఒక మధ్యాహ్నం నిద్రపోతుంది. లేచి బాగుంది అంటేనే అది మీ ఇంటికి వస్తుంది." అడుగున, "శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి అంగడి తెరుస్తాం" అని కూడా చేర్చాను, ఊరికే ఎవరూ వచ్చి తిరిగిపోకూడదని.

భాయ్ చదివి సిగ్గుపడ్డాడు. "నవ్వుతారేమో మేడం. నాణ్యతే మా ప్రాణం అని ఎయ్యరాదా?"

అమ్మీ పక్కనుంచి, "యాల నవ్వుతారు? నేను పండుకునేది నిజమే కదా. ఉండనీ" అంది.

జనం నవ్వారు. నవ్వి, వచ్చారు. నిమ్మనపల్లె నుంచి, కలికిరి నుంచి కూడా వచ్చి, "పండుకునే అమ్మ యాడ?" అని అడిగేవాళ్ళు. అమ్మీ పైకి ఏమీ అనేది కాదు కానీ, పరుపెక్కే ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళు అట్లా హాయిగా జరిగింది. తర్వాత ఒకరోజు అంగడికి ఒక ఫోను వచ్చింది. అమ్మీయే ఎత్తింది. కుప్పం నుంచి ఎవరో మగమనిషి.

"ఏమ్మా, పరుపు మీద పండుకునే అమ్మ నువ్వేనా? ఏం పండుకున్యావమ్మా నువ్వు? నెల తిరక్కముందే దూదంతా ఒక మూలకు పోయింది. నాకు నడుము పట్టుకునింది. నీకు నడుము ఉండాదా లేదా?"

అమ్మీకి ఏమీ అర్థం కాలేదు. ఆమె చూసిన పరుపు ఏదీ కుప్పానికి పోలేదు. "నేను దాని మీద పండుకోలేదు నాయనా" అంది. "అట్లయితే రాసిందంతా అబద్ధమా?" అని అవతలి మనిషి పెట్టేశాడు. మరునాడు కుప్పం నుంచే ఇంకొకరు.

భాయ్ మా మేడ మెట్లెక్కి వచ్చాడు. "మేడం, మాకు రాసింది ఇంకెవరికైనా ఇచ్చినారా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత తగిలేది కాదు.

"లేదు భాయ్" అని, కంప్యూటర్లో వెతకడం మొదలుపెట్టాను. మా ఓనరు కూడా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. కుప్పంలో ఒక పరుపుల అంగడి పేజీ దొరికింది. అమ్మ, మధ్యాహ్నం నిద్ర, అంతా మాదే, అక్షరం మారలేదు. ఎత్తి అతికించుకున్నవాళ్ళు అడుగున ఉన్న భాయ్ ఫోన్ నంబరు కూడా మార్చడం మరిచిపోయారు. అందుకే కుప్పం నడుము నొప్పులన్నీ మదనపల్లెకు ఫోన్లు చేస్తున్నాయి. ఇంకాస్త వెతికితే పుంగనూరులో మరో అంగడి. వాళ్ళు నంబరు మార్చుకున్నారు. అయితే పైన ఫోటోలో నుదుట విభూతి రేఖలు దిద్దుకున్న ఓనరు చేతులు జోడించి నిలబడ్డాడు, కింద "శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి అంగడి తెరుస్తాం."

మా ఓనరు నవ్వు ఆపుకోలేక మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు. భాయ్‌కి కూడా నవ్వొచ్చింది. ఇంటికి పోయి చెప్తే అమ్మీ మాత్రం నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఒక పరుపు సిద్ధంగా ఉంది. కొడుకు పిలిస్తే అమ్మీ రాలేదు. "నేను పండుకోను. నా మాట ఊరు దాటి పొయ్యి అబద్ధమై తిరిగొచ్చింది. ఇంక నేను బాగుండాదంటే మాత్రం నమ్మేదెవురు?" అంది.

అదీ వచ్చిన చిక్కు. బేరాలదేముంది, ఒకటి పోతే ఒకటి వస్తుంది. డెబ్భై దాటిన మనిషికి తన మాట మీద తనకే నమ్మకం పోయింది. ఆ మాటను బయటి ఊళ్ళకు పంపినవి నా వేళ్ళే. దాన్ని తిరిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టాల్సిందీ నేనే.

ముందు ఆ పేజీలు తీసేయించాలని ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాం. మీ విన్నపం అందింది అని జవాబు వచ్చింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అందింది. ఇట్లా కాదని నేనే పుంగనూరుకు ఫోన్ చేశాను, గట్టిగా నాలుగు మాటలు అడుగుదామని.

"మీ పేజీలో మీ అమ్మగారు పరుపుల మీద నిద్రపోతారని రాశారు" అన్నాను.

"మా యమ్మ పోయి శానా ఏండ్లయింది మేడం" అన్నాడు ఆయన.

"మరి పండుకునేది ఎవరప్పా?"

"మొదట ఎవురూ లేరు. మాటలు బాగుండాయని ఎత్తి ఏసుకున్యా. ఏసుకున్యాక జనం వచ్చి, అమ్మ యాడ, అమ్మ యాడ అని అడుగుతాండారు. ఏం చేసేది? సదుం నుంచి మా అత్తను పిలిపిచ్చినా."

"ఆమె నిద్రపోతుందా?"

"యాడ మేడం. కండ్లు మూసుకొని బేరాలన్నీ ఇంటాది. మధ్యలో లేసి రేటు తగ్గిస్తాది."

"సరే, శుక్రవారం సంగతేంటి?"

"అదే నాకూ తెలీడంలేదు మేడం. ఈ మధ్య శుక్రవారం మధ్యాన్నం ఒక్కురు కూడా రావడంలేదు. యాలనో ఏమో."

"మీ పేజీ మీరు ఒకసారైనా చదివారా?"

"అంతా యాడ సదివేది మేడం, బాగుండాదని ఏసుకున్యా."

ఆ వాక్యం చదివి వినిపించాను. తర్వాత ఆయన వెనకనుంచి ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వడం వినిపించింది. అత్త అయి ఉంటుంది. ఆ నవ్వు వింటే నా నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు, నేనూ నవ్వేశాను.

కుప్పం ఆయన ఇంకా మెత్తనివాడు. నంబరు ఆ పూటే మార్చేశాడు. అమ్మ గురించి అడిగితే, "మా యమ్మ బెంగళూరులో మా చెల్లెలింట్లో ఉండాది మేడం. ఈడ అంగట్లో ఒక పిల్లి ఉండాది. కొత్త పరుపు ఏస్తే సాలు, పొయ్యి దాని మీదే పండుకుంటాది. బాగలేని తావు పిల్లి పండుకోదు కదా?" అన్నాడు. ఆ మాటలు తీసేయమంటే మాత్రం, "బాగుండాయి కదా మేడం" అని నసిగాడు.

ఇదంతా అమ్మీకి పోయి చెప్పాను. అత్త సంగతికి, పిల్లి సంగతికి అయినా నవ్వుతుందేమోనని ఆశ. పెదవి కదిలింది కానీ నవ్వు రాలేదు. "తోడు తీసుకుపోయారు అమ్మీ, అంతే అనుకో" అన్నాను.

"తోడు తీసుకుపోతే సంతోషమే బేటీ. ఎవురింట్లోనైనా పెరుగే కదా అయ్యేది. వీళ్ళు పాలు కాచలేదు. ఉత్త తోడు గిన్నె సూపించి పెరుగంటాండారు. దానికీ నా పేరే" అంది.



ఆ వారంలోనే భాయ్‌కి ఇంకో ఫోను వచ్చింది. కుప్పంలో కొత్తగా కల్యాణ మంటపం కట్టించినామె. పైన చుట్టాలు దిగే గదులు, అన్నిటికీ పరుపులు కావాలి. ఆమె సొంతూరి అంగడి పేజీ చూసి ముచ్చటపడింది. పుంగనూరు పేజీ చూసి ఆశ్చర్యపోయింది. మదనపల్లె పేజీ చూసి కోపం తెచ్చుకుంది.

"మూడంగళ్ళకు ఒకటే అమ్మా?" అని అడిగింది. "ఒకరన్నా నిజం చెప్తాండాల, లేకుంటే ముగ్గురిదీ అబద్ధమే. నేను బుధవారం బయల్దేరి వస్తాండాను. మూడు తావుల్లోనూ అమ్మను సూస్తాను. నా ముందర పండుకొని, లేసి చెప్పాల. అప్పుడే ఆర్డరు."

భాయ్ బూరుగు దూది తెప్పించి, మంచి గుడ్డ తీసి, నమూనాకని ఒక పెద్ద పరుపు తన చేత్తో కుట్టాడు. అంత ఒత్తుగా ఉన్న పరుపు నేను ఆ అంగట్లో ఎప్పుడూ చూడలేదు. అమ్మీ మాత్రం లోపలి గది దాటి అంగట్లోకి రాలేదు. "వాళ్ళు సూస్తాంటే పండుకునేకి నేనేం సర్కస్ ఏనుగునా?" అంది. మంగళవారం సాయంత్రం దాకా నేనూ బతిమాలాను. "బేటీ, నువ్వు రాసింది బాగుండాది. బాగుండాది గాబట్టే పోయింది" అని, నాకు టీ ఇచ్చి పంపేసింది.

బుధవారం నేను సెలవు పెట్టి భాయ్ అంగట్లో కూర్చున్నాను. మా ఓనరు కూడా ఏదో పని ఉన్నట్టు వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక కారు ఆగింది. మంటపం ఆమె దిగింది. ఆమె వెనకనుంచి నోట్లో వక్కాకుతో ఇంకో పెద్దావిడ దిగింది.

"నన్ను సూడొద్దండి, నేను లెక్కలో లేను" అంది ఆ పెద్దావిడ. "పుంగనూరు అంగడాయనకు అత్తను. పరుపు మీద పండుకునేదే పనిగా ఉండే ఆమె ఇంకొకామె ఉండాదంట. సూసిపోదామని ఈమె కార్లో ఎక్కినా."

భాయ్ ఇద్దరికీ కుర్చీలు వేశాడు. మంటపం ఆమె కూర్చుని, తను చూసి వచ్చింది చెప్పింది. "కుప్పంలో పిల్లి పండుకునింది. లేసింది. ఒళ్ళు ఇరుసుకొని ఎలిపోయింది. అంగడాయన, సూస్తిరా మేడం, బాగుండాదంట అంటాడు. పుంగనూరులో ఈమె కండ్లు మూసుకొని పండుకునింది. నేను వాళ్ళ అల్లునితో మాట్లాడతాంటే కండ్లు మూసుకొనే ఈమె జవాబు చెప్పింది. లేసి, శానా బాగుండాది అనింది."

"మరి ఏమంటాను? అల్లుని కూడు తింటాండాను" అంది అత్త.

అందరం నవ్వాం. లోపలి గది తెర వెనకనుంచి కూడా చిన్న నవ్వు వినిపించినట్టు నాకు అనిపించింది. అత్తకూ అనిపించిందేమో, వక్కాకు బయట ఉమ్మేసి వచ్చి, ఎవరినీ అడక్కుండా తెర పక్కకు జరిపింది. అమ్మీ మంచం అంచున కూర్చుని ఉంది.

"అక్కా, నీతో ఒక మాట" అంది అత్త. "నాకు నిద్ర పట్టదు. ఎట్ల పండుకున్యా ఫ్యానే కనపడతాది. నీకెట్ల పడతాది?"

అమ్మీ కళ్ళద్దాలు సర్దుకుని ఆమెవైపు చూసింది.

"మా అల్లుడు నీ మాటలు ఎత్తుకొచ్చి నా నెత్తిన పెట్టినాడు. పని ఎట్ల చేసేదో ఎవురూ చెప్పలేదు. వచ్చినోళ్ళకు బాగుండాది, బాగుండాది అని చెప్పి చెప్పి నాకే సిగ్గుగా ఉండాదక్కా."

నేను ఇన్నాళ్ళు బతిమాలితే కదలని మనిషి ఆ మాటకు లేచి నిలబడింది. అత్త చెయ్యి పట్టుకుని అంగట్లోకి వచ్చింది. "నిద్రపోయేది పని కాదు. అది ఎవురైనా పోతారు. లేసినాక నీ ఒళ్ళు యాడ మాట్లాడతాదో ఇనేది పని" అంది. తర్వాత మావైపు తిరిగి, "అందరూ బయటికి పోండి. ఈమె ఉంటే సాలు" అంది. మంటపం ఆమె కూడా లేచింది.

అమ్మీ కళ్ళద్దాలు తీసింది. ఈసారి కొడుకు చేతికి ఇవ్వలేదు. అత్త చేతికి ఇచ్చింది.

మేమందరం గడప బయట బెంచీ మీద వరసగా కూర్చున్నాం. మా ఓనరు టీలు తెచ్చాడు. వీధిలో టమోటా లారీ ఒకటి హారన్ కొడితే భాయ్ చెయ్యి ఊపి ఊరుకోమన్నాడు. కాసేపటికి లోపలినుంచి గురక మొదలైంది. భాయ్ టీ గ్లాసు కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. అన్ని రోజులుగా ఆ అంగట్లో లేని చప్పుడు అది. ఇంకాసేపటికి, మొదటి గురకకు అడ్డంగా రెండో గురక.

"ఇది పుంగనూరుది" అంది మంటపం ఆమె, టీ గ్లాసు అట్లాగే పట్టుకుని.

చాలాసేపటికి అమ్మీ పిలిస్తే లోపలికి పోయాం. ఆ పెద్ద పరుపు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇద్దరి చేతులూ నడుముల మీదే ఉన్నాయి. అమ్మీ కాసేపు విని, కొడుకువైపు చూసింది.

"ఇది ఇయ్యొద్దు."

"అమ్మీ" అన్నాడు భాయ్, వినపడీ వినపడనట్టు.

"నడిమిట్ల గుట్ట మాదిరి ఉండాది. ఈమె సూసేకి వస్తాదని దూది ఎక్కువ కుక్కినావు. దీని మీద పండుకుంటే పెండ్లికొచ్చినోళ్ళు ముహూర్తానికి లెయ్యలేరు. విప్పు."

అత్త నడుము రుద్దుకుంటూ, "అవునప్పా, ఈడే. నాకూ ఈడే నొస్తాండాది" అంది. ఆమె మొహం చూడాల్సింది చిన్నదానా. నొప్పి పుట్టినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేనైతే అంతా పోయిందనుకున్నాను. మంటపం ఆమె వంగి, పరుపు మధ్యలో అరచేత్తో అదిమి చూసింది. ఒకసారి అమ్మీని, ఒకసారి భాయ్‌ని చూసింది.

"కుప్పంలో బాగుండాదనిరి. పుంగనూరులో బాగుండాదనిరి. బాగలేదు అనే మాట ఇంత దూరం వచ్చినాక ఈడ ఇన్యాను" అంది. "నేను ఎతికే అమ్మ ఈమే. నా ఆర్డరు ఈడికే."

"ఆర్డరు తర్వాత మాట్లాడుకుందురు. ముందు వాడు దూది తియ్యనీ" అంది అమ్మీ, కళ్ళద్దాలు పెట్టుకుంటూ.

మరునాటి నుంచి అమ్మీ మళ్ళీ అన్నం తినగానే తల దువ్వుకుని అంగట్లోకి రావడం మొదలైంది. మంటపంలో మొదటి పెళ్ళి దగ్గర పడుతుండడంతో అన్ని పరుపులూ భాయ్ ఒక్కడివల్ల కాలేదు. కొన్ని పుంగనూరుకు ఇద్దామని అమ్మీయే అంది. "ఆమె పండుకొని చెప్పాల, అట్లయితేనే" అని షరతు పెట్టింది. రోజూ మధ్యాహ్నం నిద్ర లేచాక ఇద్దరూ ఫోన్లో ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో చెప్పుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు పుంగనూరు ఆయన నాకు ఫోన్ చేశాడు. "మేడం, మా అత్త ఇప్పుడు నిజంగానే నిద్రపోతాండాది. లేసి బాగలేదంటాండాది. కుట్టింది విప్పేకే సరిపోతాండాది నాకు. మీరేం నేర్పిచ్చి పంపినారు?" అన్నాడు. గొంతులో ఫిర్యాదు ఉంది, కానీ పెట్టేసే ముందు, "జనం మాత్రం వస్తాండారు మేడం" అన్నాడు.

భాయ్ పేజీలో నేను ఇంకొక వాక్యం చేర్చాను. "మా అమ్మ ఒప్పుకోని పరుపులు వెనక గదిలో ఉంటాయి. కావాలంటే చూడండి." ఎక్కువ రోజులు పట్టలేదు, అదే వాక్యం పుంగనూరు పేజీలో కనిపించింది. ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "రండి మేడం, వచ్చి సూడండి, వెనక గదిలో కాలు పెట్టేకి తావు లేదు" అన్నాడు. ఇంక ఏమంటాం? పాలు కాచాడు, తోడు వేసుకున్నాడు. శుక్రవారం వాక్యం కూడా ఆయన తనంతట తనే మార్చుకున్నాడు. "శుక్రవారం మధ్యాహ్నం మా అత్త నిద్ర. సాయంత్రం తెరుస్తాం."

కుప్పం ఆయన చాలా రోజులు ఏమీ చెయ్యలేదు. ఒకరోజు చూస్తే పేజీలో అమ్మ లేదు, మధ్యాహ్నం నిద్ర లేదు, నా మాట ఒక్కటి లేదు. పాత ఫోటోల పక్కన పిల్లి ఫోటో ఒకటి, దాని కింద ఆయన సొంతంగా రాసుకున్న మాటలు. "మా అంగట్లో పిల్లి ఉండాది. అది అన్ని పరుపులూ బాగుండాయంటాది. మీరు పండుకొని సూసి కొనండి." నా ఉద్యోగంలో ఎన్ని "మా గురించి"లు రాశానో నాకే తెలియదు. వాటన్నిటికంటే బాగుంది అది. మా ఓనరు చదివి, "మేడం, ఇంక మనకు పనిలేదు" అన్నాడు.

నేను ఉద్యోగం మానేసిన రోజు సాయంత్రం ఒక ఆటో మా వీధిలోకి వచ్చింది. పైన తాడుతో కట్టిన కొత్త పరుపు. వెంట భాయ్. "దీని మీద అమ్మీ పండుకోలేదు మేడం. మిమ్మల్నే పండుకొని చెప్పమనింది" అన్నాడు. మరునాడు మధ్యాహ్నం అన్నం తిని, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి పండుకున్నాను. లేచాక నడుము మీద చెయ్యి వేసుకుని కూర్చుని, విన్నాను. తర్వాత అమ్మీకి ఫోన్ చేసి, "ఎడమ భుజం కింద దూది తక్కువ ఉంది" అన్నాను. ఆమె ఎంతసేపు నవ్విందో. "తక్కువే పెట్టించినా బేటీ. సూద్దామని" అంది.

భాయ్ వచ్చి విప్పి, సరిచేసి పోయాడు. వేసవి సెలవులకు మీరు వచ్చినప్పుడు మీ ఇద్దరికీ పక్క వేసేది దాని మీదే. లేచాక అవ్వ సంతోషం కోసం బాగుందని అనొద్దు. నీ తమ్ముడికి కూడా చెప్పు. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పండి.